అర మిల్లీమీటరు సందులో మోటారు

ఇంట్లో పాత రేడియో స్పీకరు ఉంటే, దాని రెండు కొసలకు ఒక పెన్సిల్ సెల్లును క్షణంపాటు ఆనించి చూడండి. అట్ట టప్పుమని ముందుకు వస్తుంది. సెల్లు తిరగేసి పెడితే అంతే చురుగ్గా వెనక్కి పోతుంది. చిన్నప్పుడు నేనిది ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు. పాట పాడే వస్తువుగానే తెలిసిన స్పీకరు నిజానికి మోటారేనని, అందులో తిరిగే భాగమే లేదని అర్థమైన రోజు నాకు ఇంకా గుర్తుంది.

మోటారు అనగానే మనకు తిరిగేదే తడుతుంది: ఫ్యాను, మిక్సీ, బోరు. తిన్నగా కదిలేది కావాలంటే తిరుగుడునే మార్చుకుంటాం. కుట్టుమిషన్‌లో చక్రం తిరిగితే సూది పైకీ కిందికీ ఆడేది అలాగే. పళ్లచక్రాలు, మరలు పెట్టి ఎంత పనైనా చేయించవచ్చు. కానీ పంటికీ పంటికీ మధ్య కాస్త లూజు ఎప్పుడూ ఉంటుంది. కదలవలసిన దూరమే ఆ లూజుతో సమానమైతే ఏం చేయాలి?

ఫోన్ కెమెరా సరిగ్గా అలాంటి చోటే. నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్) 5 మిల్లీమీటర్లున్న లెన్సు దూరపు కొండను వదిలి 10 సెంటీమీటర్ల దగ్గరున్న పువ్వు మీద ఫోకస్ చేయాలంటే పావు మిల్లీమీటరు కదిలితే చాలు. ఆ పావు మిల్లీమీటరులోనే ఎక్కడ ఆపమంటే అక్కడ ఆగాలి.

తీగచుట్టలోకి ఇనుప కడ్డీని లాగే సొలినాయిడ్ ఇక్కడ పనికిరాదు. డింగ్ డాంగ్ కాలింగ్ బెల్లులో ఉండేది అదే. అది లాగుతుందే తప్ప నెట్టలేదు. పైగా ఇనుముతో ఉన్న సందు మూసుకునే కొద్దీ లాగే బలం ఒక్కసారిగా పెరిగి చివర్లో ఢీకొడుతుంది. గంట కొట్టడానికి ఆ గుణమే కావాలి, మధ్యలో ఆపడానికి మాత్రం అదే అడ్డు.

అందుకే కెమెరాలోకి స్పీకరు పద్ధతి వచ్చింది. దాని పేరు కూడా వాయిస్ కాయిల్ మోటారే. లెన్సు చుట్టూ సన్నని రాగి తీగ చుట్ట, ఆ చుట్ట పక్కన అయస్కాంతాలు. కరెంటు పారితే చుట్ట మీద బలం పుడుతుంది. కరెంటు దిశ మారిస్తే బలం దిశా మారుతుంది. అయస్కాంత క్షేత్రబలం, కరెంటు, క్షేత్రంలో ఉన్న తీగ పొడవు, ఈ మూడింటినీ గుణిస్తే ఆ బలం ఎంతో తెలుస్తుంది. ఒక చుట్టుకు రెండున్నర సెంటీమీటర్ల చొప్పున 80 చుట్లు వేస్తే తీగ 2 మీటర్లు. క్షేత్రం 0.3 టెస్లా (క్షేత్రబలాన్ని కొలిచే ప్రమాణం), కరెంటు 50 మిల్లీయాంపులు అనుకుంటే 0.03 న్యూటన్లు, అంటే దాదాపు మూడు గ్రాముల బరువును ఎత్తే బలం. అర గ్రాము లెన్సుకు అది ధారాళంగా సరిపోతుంది.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు పడతారు. సన్నని తీగతో ఎక్కువ చుట్లు వేస్తే బలం పెరుగుతుందని అనుకుంటారు. కానీ చోటు అంతే ఉన్నప్పుడు తీగ సన్నబడితే నిరోధం పెరుగుతుంది. లెక్క పూర్తిగా వేసి చూస్తే, ఒక వాట్ వేడికి ఎంత బలం వస్తుందో తేల్చేవి రెండే: రాగి మొత్తం పరిమాణం, క్షేత్రబలం. తీగ మందం ఎంతుండాలో బ్యాటరీ వోల్టేజీని బట్టి ఎంచుకోవడమే. రాగిని రెట్టింపు చేస్తే, అంతే వేడికి బలం 1.4 రెట్లే పెరుగుతుంది. క్షేత్రాన్ని రెట్టింపు చేస్తే బలమూ రెట్టింపే. 1980ల మొదట్లో జపాన్‌లోని సుమిటోమో, అమెరికాలోని జనరల్ మోటార్స్ విడివిడిగా తయారుచేసిన, ఎంతో బలమైన నియోడిమియం అయస్కాంతం చిన్న మోటార్లను ఇంతగా మార్చడానికి కారణం ఇదే.

అసలు పోరాటమంతా చుట్ట కూర్చునే సందు దగ్గరే. ఇనుములో కంటే గాలిలో అయస్కాంత క్షేత్రం సాగడం వేల రెట్లు కష్టం. రాగికి కూడా గాలికున్న గుణమే. చుట్ట కోసం సందు పెంచితే క్షేత్రం పలచబడుతుంది, తగ్గిస్తే రాగికి చోటుండదు. చుట్ట 0.3 మిల్లీమీటర్లు, రాసుకోకుండా అటూ ఇటూ 0.1 చొప్పున వదిలితే అర మిల్లీమీటరు అయిపోయింది. డిజైన్ చేసేవాళ్లకు అసలు టెన్షన్ ఆ 0.1 గురించే. చుట్ట కాస్త వంకరగా కూర్చున్నా గోడకు తగులుతుంది.

అందుకే చాలా కెమెరాల్లో లెన్సును పట్టాల మీద జారనివ్వరు. ఆకుల్లాంటి పల్చటి స్ప్రింగుల మధ్య వేలాడదీస్తారు. రాపిడే ఉండదు. కరెంటు ఎంతో, స్ప్రింగు సాగేదీ అంతే. కరెంటు కొలిచి ఇస్తే చాలు, లెన్సు తన చోటికి చేరుతుంది. అయితే ఒక్కసారిగా ఇస్తే గమ్యం దాటిపోయి అటూ ఇటూ ఊగుతుంది. ఆలోపు ఫోటో మసకబారుతుంది. దీనికి నాకెంతో నచ్చిన ఉపాయం ఒకటుంది. మొదట సగం కరెంటే ఇవ్వాలి. ఆ ఊపులో లెన్సు సగం దూరాన్ని దాటి, సరిగ్గా అసలు గమ్యం దాకా వెళ్లి, వెనుదిరిగే ముందు ఒక్క క్షణం నిలుస్తుంది. ఆ క్షణంలో మిగతా సగం ఇవ్వాలి. ఇక వెనక్కి వెళ్లడానికి దానికి కారణమే ఉండదు, అక్కడే ఆగిపోతుంది. కొత్త భాగం ఒక్కటీ అక్కర్లేదు, సమయం తెలిస్తే చాలు.

కొన్ని ఫోన్లలో వైబ్రేటరు కూడా ఈ కుటుంబానిదే. పాత ఫోన్లలో పక్కకు బరువున్న చిన్న చక్రం తిరిగేది. అది వేగం అందుకోవడానికి, ఆగడానికి సమయం పట్టేది. ఇప్పుడు స్ప్రింగు మీద బరువైన ముద్ద తిన్నగా అటూ ఇటూ కదులుతుంది. ఇక్కడ ఊగడమే కావాలి. స్ప్రింగుకు సహజమైన లయలో, సెకనుకు సుమారు 150 నుంచి 250 సార్లు, కరెంటును అటూ ఇటూ పారిస్తారు. ఉయ్యాలను సరైన క్షణంలో తోసినట్టు కొద్ది కరెంటుకే పెద్ద ఊపు వస్తుంది. ఆపాలన్నప్పుడు అదే లయలో ఎదురు తోపు ఇస్తారు. కీబోర్డు మీద అక్షరం నొక్కినప్పుడు వేలికి బర్రుమని కాకుండా టక్కుమని తగిలేది ఆ ఎదురు తోపు వల్లే.