కొత్త కప్ప జాతిని తేల్చేదెలా? అపోహలు - వాస్తవాలు

అపోహ: ఎవరూ చూడని రంగులో కనిపిస్తే అది కొత్త జాతే.

వాస్తవం: కప్పల జాతులను గుర్తించే పరిశోధకులుగా మేం అన్నిటికన్నా తక్కువగా నమ్మేది రంగునే. ఒకే గుంటలో ఒకే జాతి కప్పలు గోధుమ రంగులోనూ ఆకుపచ్చగానూ, వీపు మీద చారతోనూ చార లేకుండానూ ఉండొచ్చు. ఆల్కహాల్‌లో భద్రపరిచాక ఆ రంగు కూడా వెలిసిపోతుంది. అందుకే బతికుండగానే ఫొటోలు తీసుకుంటాం. వేళ్ల కొసలు బిళ్లల్లా వెడల్పుగా ఉన్నాయా, వెనక కాలి వేళ్ల మధ్య పొర ఎక్కడిదాకా వచ్చింది, కంటితో పోలిస్తే చెవి పొర ఎంత ఉంది: మా కళ్లు వీటిమీదే ఉంటాయి.

అపోహ: అచ్చం ఒకేలా ఉంటే ఒకే జాతి.

వాస్తవం: ఇక్కడే నాకు ఈ పని మీద ఇష్టం రెట్టింపవుతుంది. ఉత్తర అమెరికాలో వెర్సికలర్, క్రైసోసెలిస్ అనే రెండు చెట్టుకప్పలున్నాయి. చూసి విడదీయడం దాదాపు కుదరదు. కానీ వెర్సికలర్‌కు క్రోమోజోములు రెండింతలు. ఇక అరుపు వింటే తేడా తెలిసిపోతుంది, క్రైసోసెలిస్ చాలా వేగంగా అరుస్తుంది. ఆడకప్ప తన జాతి మగకప్పను పోల్చుకునేది ఆ అరుపును బట్టే. న్యూయార్క్ నగరంలోని స్టాటెన్ ఐలండ్‌లో కూడా ఉండే రానా కాఫెల్డై అనే కప్ప అంతమంది జనం మధ్య ఉండి కూడా, కొత్త జాతిగా దానికి 2014లో గానీ పేరు పెట్టలేదు. దాన్ని పట్టిచ్చిన ఆధారాల్లో అరుపు ముఖ్యమైనది.

కొత్తగా ఈ రంగంలోకి వచ్చేవాళ్లకు ఒక మాట. అరుపు రికార్డు చేసినప్పుడు అక్కడి ఉష్ణోగ్రత తప్పక రాసుకోండి. చలి రాత్రి అదే కప్ప నెమ్మదిగా అరుస్తుంది. ఆ అంకె లేకపోతే రెండు రికార్డింగులను పోల్చి ఏదీ గట్టిగా చెప్పలేం.

అపోహ: డీఎన్‌ఏ టెస్ట్ చేస్తే తేలిపోతుంది.

వాస్తవం: 16ఎస్ అనే జన్యువులో సుమారు 3 శాతం, అంతకు మించి తేడా ఉంటే వేరే జాతేమోనని అనుమానించాలి, అంతే. కొండలు అడ్డొచ్చి విడిపోయిన ఒకే జాతి గుంపుల మధ్య కూడా అంత తేడా రావచ్చు. శరీరం, అరుపు, జన్యువు కలిసి ఒకే మాట చెబితేనే మాకు ధైర్యం.

అపోహ: అడవిలో దొరికిన రోజే పని పూర్తయినట్టు.

వాస్తవం: అసలు పని మ్యూజియంలో మొదలవుతుంది. దగ్గరి జాతులన్నిటి పాత నమూనాలతో, ముఖ్యంగా ఆ పేర్లకు ఆధారమైన హోలోటైపులతో పోల్చాలి. మన కప్పకు ఎవరో వందేళ్ల కిందటే పేరు పెట్టి, ఆ పేరు తర్వాత మరుగున పడి ఉండొచ్చు. అలా తేలితే నిబంధనల ప్రకారం పాత పేరుకే హక్కు. దాన్ని మళ్లీ వాడుకలోకి తెచ్చి, వివరంగా వర్ణించి ప్రచురించడం కూడా కొత్త పేరు పెట్టడమంత విలువైన పనే.