మూమెంట్ థెరపీకి వస్తున్నాం కదా, మాత్రలు ఆపేశామండి!

నేను చేయించేది డాన్స్ మూమెంట్ థెరపీ, అంటే ఒంటి కదలికలతో మనసుకి సాయం చేసే పద్ధతి. ఈ నెలలో ఇలాంటి ఫోను ఇది నాలుగోది. డాక్టరుగారిని అడిగే ఆపారా అంటే సమాధానం లేదు. వాట్సాప్‌లో ఎవరో పంపారట, "డాన్స్‌తో డిప్రెషన్ మాయం" అని.

అమ్మా, అయ్యా, మాత్ర రాసింది సైకియాట్రిస్టు. తగ్గించాలన్నా ఆపాలన్నా చెప్పాల్సింది ఆయనే. కాస్త నిద్ర పడుతోంది కదా అని ఉన్నట్టుండి మానేస్తే తల తిరుగుతుంది, ఉన్న నిద్రా పోతుంది, తలలో కరెంటు కొట్టినట్టుందని కొందరు భయపడిపోతారు. జబ్బు తిరగబెడితే మళ్లీ మొదటికొస్తాం. మా పనికి దారి వేసిన మరియన్ చేస్ కూడా 1942లో వాషింగ్టన్ సెయింట్ ఎలిజబెత్స్ ఆసుపత్రిలో డాక్టర్ల పక్కనే పనిచేసింది. 2015లో కాక్రేన్ వాళ్లు (వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే అంతర్జాతీయ సంస్థ) డిప్రెషన్‌కి డాన్స్ మూమెంట్ థెరపీ మీద జరిగిన అధ్యయనాలను వడపోస్తే నిలిచినవి మూడే, అన్నిట్లో కలిపి 147 మంది. పనిచేస్తుందనీ చెయ్యదనీ గట్టిగా తేల్చలేకపోయారు. నా పని మీద నాకు నమ్మకముంది. కానీ ఆ లెక్క పట్టుకుని మాత్రలు మానమని ఏ మొహంతో చెప్పను?

ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చేవారు. మొదటి రోజు కుర్చీలో కూర్చోబెట్టి, "మడమలు నేలకి ఆనాయా మాస్టారూ?" అన్నాను. ఆయన వంగి చూసుకుని చెప్పారు. తన కాళ్లు ఎక్కడున్నాయో చూస్తేగానీ తెలియనంత దూరమైపోయింది ఒళ్లు. అక్కణ్ణుంచే మొదలుపెట్టాం. మడమ, పాదం, ఊపిరి, తర్వాత గదిలో నాలుగడుగులు. నాలుగు వారాలకి నడకలో చేతులు ఊగడం మొదలైంది. వాళ్లబ్బాయి సంబరపడి మాత్రలు ఆపించాడు. పది రోజులకి మాస్టారు మంచం దిగలేదు. పాపం, ఆ కుర్రాణ్ణి తిట్టలేకపోయాను, మంచి జరుగుతుందనే చేశాడు. డాక్టరుగారు మాత్రలు మళ్లీ మొదలుపెట్టాక మాస్టారు వచ్చారు, మళ్లీ మడమల దగ్గర్నుంచే.

మీరడిగే మిగతా ప్రశ్నలకి గబగబా చెప్పేస్తాను. డాన్స్ రావాలా? అక్కర్లేదు, నాకే సరిగ్గా రాదు. నలుగురిలో ఎగరాలా? లేదు, కూర్చునీ చేయొచ్చు. యోగా చేస్తున్నారా? మానకండి. "అదంతా బద్ధకం, లేచి తిరిగితే పోతుంది" అనే బాబాయిలకి ఒకటే మాట: లేవలేకపోవడమే ఆ జబ్బు.

చచ్చిపోవాలనిపిస్తోందని ఎవరన్నా అంటే మాత్రం నా క్లాసు కోసం ఆగొద్దు. మనిషిని ఒంటరిగా వదలకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి రాత్రయినా పగలైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.