ఏడు కట్టల కదంబం

విజయవాడ బీసెంట్ రోడ్డులో దారాల కొట్టు దగ్గర రంగులు ఏరుకునే ఆడవాళ్లను కాసేపు గమనించండి. గుడ్డముక్క మీద దారం కట్ట పెట్టి చూస్తారు. తల అడ్డంగా ఊపి ఇంకోటి అడుగుతారు. చివరికి రెండు కట్టలూ గుడ్డా పట్టుకుని మెట్లు దిగి రోడ్డు మీదకే వచ్చేస్తారు. ఎండలో అటూ ఇటూ తిప్పి చూసుకుని మళ్లీ లోపలికి వెళతారు. కొట్టాయనకు ఇది రోజూ ఉండేదే. "చూసుకోండమ్మా, తొందరేం లేదు" అంటూ ఇంకో డబ్బా తెరుస్తాడు. ఇంటర్ పిల్లలకు వెలుగు పాఠం చెప్పే నేను మాత్రం చాలాకాలం దీన్ని చాదస్తం కిందే జమకట్టాను. పోయినేడు గుడ్డ మీద దారంతో కనకాంబరాలు కుట్టబోయి బుద్ధి తెచ్చుకున్నాను.

మంగళగిరి నూలు గుడ్డ మీద కదంబం కుడదామని కూర్చున్నాను. బుటాలేమీ లేకుండా సాదాగా ఉంటుంది కాబట్టి చేతికుట్టుకు ఆ గుడ్డంటే నాకిష్టం. బంతి, కనకాంబరం, మల్లె, గులాబి, మధ్యమధ్య మరువం. పూలకొట్లో మూర వేసి ఇచ్చే దండనే బొకేలా గుత్తిగా గీసుకున్నాను. కనకాంబరాలు సగం అయ్యేసరికి ఆ రంగు దారం అయిపోయింది. సాయంత్రం వీధి చివరి కొట్టుకెళ్లి, ట్యూబ్‌లైటు కింద పాత పోగు పక్కన కొత్త కట్ట పెట్టి చూశాను. తేడా లేదు. రాత్రి ఇంట్లో ఎల్‌ఈడీ దీపం కింద మిగతా సగం కుట్టేశాను. అప్పుడూ తేడా కనపడలేదు. తెల్లారి వరండాలో చూస్తే పాత పూలు నిప్పుకణికల్లా ఉన్నాయి, కొత్తవి ఇటుకపొడి రంగులో ఉన్నాయి.

మన కంటిలో రంగును పట్టే శంకు కణాలు మూడు రకాలే. దారం మీద నుంచి వచ్చే వెలుగులో ఎన్ని తరంగదైర్ఘ్యాలున్నా కన్ను వాటిని మూడు లెక్కలకు కుదించేస్తుంది. రెండు దారాలకు వాడిన రంగుమందులు వేరువేరైనా, ఒక దీపం కింద ఆ మూడు లెక్కలూ సరిపోయాయంటే మనకు అవి ఒకే రంగు. దీపం మారితే లెక్క తప్పుతుంది. దీన్ని మెటామెరిజం అంటారు. మామూలు తెల్ల ఎల్‌ఈడీలో ఉండేది 450 నానోమీటర్ల దగ్గర నీలి వెలుగునిచ్చే చిప్పు, దాని మీద పసుపు వెలుగునిచ్చే పూత. రెండూ కలిసి తెల్లగా కనిపిస్తాయి గాని చవక దీపాల్లో ముదురు ఎరుపు బాగా తక్కువ. నా రెండు దారాల తేడా ఆ ఎరుపు కొసనే దాక్కుని ఉంటుంది. ఎండలో అన్ని తరంగదైర్ఘ్యాలూ ఉంటాయి కాబట్టి పొద్దున్నే బయటపడింది. మెట్లు దిగి రోడ్డెక్కేవాళ్లకు ఈ పేరు తెలియకపోవచ్చు, పని తెలుసు.

విప్పడం చేతకాక గుంటూరు బ్రాడీపేటలో ఉన్న మా పెద్దమ్మ దగ్గరకు పట్టుకెళ్లాను. డెబ్బై దాటినా సూదిలో దారం తనే ఎక్కించుకుంటుంది. ముందు నా రంగుల చీటీ చదివింది. అందులో పదకొండు రంగులున్నాయి.

"పదకొండెందుకే? ఏడు కొనుక్కో చాలు."

"మిగతా నాలుగు?"

"కుడుతుంటే అవే వస్తాయి."

ఆవిడ ఉంచిన ఏడూ ఇవి: బంతిపసుపు, దానికంటే ఒక మెట్టు ముదిరిన తేనెరంగు, కనకాంబరం, కుంకుమరంగు, తెలుపు, బూడిద కలిసినట్టుండే లేతపచ్చ, ముదురు ఆకుపచ్చ. చిలకపచ్చ కట్టను తీసి అవతల పారేసింది. "ఏ ఆకు ఈ రంగులో ఉంది చూపించు" అంది. కుండీలో మరువం తుంచి పక్కన పెడితే, నిజమే, ఆకు రంగు దారం కంటే ఎంతో మాసినట్టుంది. మనకు తలపులో ఉండే పచ్చ వేరు, చెట్టు మీద ఉండే పచ్చ వేరు.

తర్వాత ఆవిడ చూపించింది దారాల గురించి నేను నేర్చుకున్నవాటిలో అన్నిటికంటే పెద్దది. కుంకుమరంగు దారంతోనే గులాబికి ఐదు రెక్కలు శాటిన్ కుట్టుతో, అంటే దారాన్ని ఒత్తుగా పక్కపక్కనే పరుస్తూ నింపింది, ఒక్కో రెక్కకు కుట్టు వాలు మార్చుకుంటూ. కిటికీ ఎదురుగా పెట్టి చూస్తే రెండు రెక్కలు లేతగా, రెండు ముదురుగా, ఒకటి మధ్యస్థంగా ఉన్నాయి. ఫ్రేము పావువంతు తిప్పింది. లేతవి ముదిరాయి, ముదురువి తేలాయి.

దీని వెనక రసాయనం కొంత, వెలుగు కొంత ఉన్నాయి. పత్తి పోగును సూక్ష్మదర్శినిలో చూస్తే మెలికపడిన రిబ్బనులా చదునుగా ఉంటుంది, అందుకే మామూలు నూలు మెరవదు. 1844లో లాంకషైర్‌లో జాన్ మెర్సర్ అనే అద్దకంవాడు నూలు గుడ్డను కాస్టిక్ సోడాలో ముంచితే పోగులు ఉబ్బి గుండ్రబడతాయని గమనించాడు. గుడ్డ కుంచించుకుపోవడం ఒక్కటే చిక్కు. 1890లో హోరేస్ లోవ్ ఆ పని చేసేటప్పుడు నూలును బిగలాగి ఉంచాడు. దాంతో కుంచించుకోలేదు సరికదా, పట్టులాంటి మెరుపు వచ్చింది. మనం కొనే ఆరు పోగుల, 8 మీటర్ల ఎంబ్రాయిడరీ దారం కట్ట ఈ మెర్సరైజ్ చేసిన నూలే.

గుండ్రటి పోగులు పక్కపక్కనే పడుకుంటే వెలుగు ఏం చేస్తుందో చూడాలంటే నూనె రాసి నున్నగా దువ్విన తల చూడండి. మెరుపు వెంట్రుకల వెంబడి పోదు, వాటికి అడ్డంగా పట్టీలా కనిపిస్తుంది. దారమూ అంతే. కిటికీ వెలుగు పోగులకు అడ్డంగా వచ్చి పడితే నలుదిక్కులా విచ్చుకుని కొంత మన కంటికి చేరుతుంది, దారం తేలికరంగుగా కనిపిస్తుంది. పోగుల బారునే వస్తే చాలావరకు అవతలికి జారిపోతుంది, దారం ముదురుగా కనిపిస్తుంది. అందుకే కుట్టడానికి ముందే పెన్సిల్‌తో ప్రతి రెక్క మీదా రెండు మూడు వాలు గీతలు గీసుకోవడం మంచిది. రంగు ఎంచుకోవడానికి అరగంట పెట్టేవాళ్లు ఈ గీతలకు అర నిమిషం కూడా పెట్టరు. అయితే శాటిన్ కుట్టు సెంటీమీటరు దాటితే వేలాడి గాజులకు తగులుకుంటుంది. పెద్ద రెక్క అయితే పొడుగూ పొట్టీ కుట్లు కలిపి వేసే లాంగ్ అండ్ షార్ట్ వేయాల్సిందే.

బంతికి శాటిన్ పనికిరాదు. బంతిపువ్వంటే మడతలు, గుంటలు. దానికి ముడికుట్టు పెట్టాలి, ఫ్రెంచ్ నాట్ అని అడిగినా చెబుతారు. ముడికీ ముడికీ మధ్య సందులోకి వెళ్లిన వెలుగు ఒక్కసారి తగిలి బయటికి రాదు, దారం నుంచి దారానికి తగులుతూ వస్తుంది. తగిలినప్పుడల్లా రంగుమందు తన వాటా మింగేస్తుంది. బయటికొచ్చేసరికి పసుపు చిక్కబడి ఉంటుంది. అదే కట్టతో పక్కన నాలుగు శాటిన్ కుట్లు వేసి చూస్తే రెండు వేరు కట్టలని ఒట్టేసి చెబుతారు. పూవు నడిమిన తేనెరంగు ముడులు దట్టంగా, అంచుకు వచ్చేకొద్దీ పసుపు ముడులు వదులుగా వేస్తే బంతి ఉబ్బెత్తుగా లేస్తుంది.

మల్లె దగ్గర నాకు మొదట ఏం చేయాలో తోచలేదు. తెల్ల గుడ్డ మీద తెల్ల పూవు ఎలా కనిపిస్తుంది? అసలు మల్లెలో తెల్లరంగు అనే పదార్థమే లేదు. రెక్కలోని కణాల సందుల్లో గాలి ఉంటుంది, ఆ గాలి గదుల అంచుల దగ్గర వెలుగు అన్ని వైపులకూ చెదిరి తెల్లగా కనిపిస్తుంది. ఒక రెక్కను రెండు వేళ్ల మధ్య గట్టిగా నలపండి. గాలి పోయి, రసం నిండి, రెక్క నూనె కాగితంలా అవతలిది కనిపించేలా మారిపోతుంది. తెల్ల పూవుకు రూపమిచ్చేది దాని మీది నీడలే. కాబట్టి మొగ్గను తెల్ల దారంతో నింపి, ఒక పక్కన, తొడిమ దగ్గర, ఆ బూడిదపచ్చతో ఒంటి పోగు కాడకుట్టు లాగితే చాలు. నల్ల దారంతో అంచు కట్టే అలవాటు కొందరికి ఉంది. నాకు నచ్చదు, మల్లె చచ్చిపోతుంది.

పక్కనున్న రంగు సంగతి పారిస్ వాళ్లు ఒక ఫిర్యాదుతో తెలుసుకున్నారు. గోబ్లాఁ రాజనేతశాలలో అద్దకం చూడటానికి 1824లో మిషెల్ షెవ్రోల్ అనే రసాయనవేత్తను పెట్టారు. నల్ల దారం నీలం పక్కన నేస్తే వెలసినట్టుందని నేతగాళ్లు గోలపెట్టారు. పరీక్షిస్తే రంగులో లోపమేమీ లేదు. పక్కనున్న నీలమే నలుపును చెడగొడుతోంది. ప్రతి రంగూ పొరుగు రంగును తనకు ఎదురు వైపుకు నెడుతుందని ఆయన 1839లో పెద్ద పుస్తకమే అచ్చు వేశాడు. కుంకుమరంగు పక్కన మరువప్పచ్చ పెడితే రెండూ అరుస్తాయి. ఆ రెంటి మధ్య ఒక మల్లెమొగ్గ దూర్చితే ఊరుకుంటాయి. కొట్లో ఒక్కో కట్టను విడిగా తెల్ల గల్లా మీద పెట్టి చూడటం వల్ల ఉపయోగం లేదు. ఏడింటినీ గుడ్డ మీదే, గుత్తిలో ఎలా వస్తాయో అలాగే పేర్చి చూడాలి.

పేర్చాక ఫోనుతో ఒక ఫోటో తీసి రంగులు తీసేసి బూడిదరంగులోకి మార్చండి. నా మొదటి చీటీలోని ఎరుపు, ఆకుపచ్చ ఆ ఫోటోలో కవల పిల్లల్లా ఒకే బూడిద అయిపోయాయి. అలాంటి గుత్తి దూరం నుంచి ముద్దలా కనిపిస్తుంది. మసక వెలుతురు ఇంకో పరీక్ష. చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే 19వ శతాబ్ది తొలినాళ్లలో గమనించిన వింత ఇది: పొద్దు వాలేకొద్దీ ఎర్ర పూలు నల్లబడతాయి, ఆకులు తేలతాయి. మసకలో పనిచేసే దండ కణాలకు 507 నానోమీటర్ల దగ్గర, అంటే నీలిపచ్చ వైపు, చూపు పదును. ఎరుపు వాటికి దాదాపు కనిపించదు. పెద్దమ్మ గదిలో కరెంటు పోయినప్పుడు కదంబంలో గులాబి గుంటలా మారింది, మల్లెలు, బంతులు మిగిలాయి.

ఇక మిగతా నాలుగు రంగులు. సూదిలో రెండు పోగులు ఎక్కించేటప్పుడు రెండూ ఒకే కట్టవి కానక్కర్లేదు. పసుపు ఒకటి, కనకాంబరం ఒకటి. కనకాంబరం, కుంకుమ. తెలుపు, బూడిదపచ్చ. బూడిదపచ్చ, ముదురుపచ్చ. నాలుగు జతలు, నాలుగు కొత్త రంగులు, నా పదకొండు నాకు దక్కాయి. చూపు బాగున్న కన్ను విడదీయగల కోణం డిగ్రీలో 60వ వంతు. రెండు మీటర్ల దూరంలో అది సుమారు 0.58 మిల్లీమీటర్లు. ఒంటి పోగు అంతకంటే సన్నం, కాబట్టి గోడకు వేలాడదీశాక రెండు రంగులూ ఒకటైపోతాయి, చేతిలో ఉన్నంతసేపూ విడివిడిగా మెరుస్తాయి. ఎరుపుకు పచ్చను మాత్రం జత చేయకండి, బురదరంగు వస్తుంది.

ఎరుపు గురించి ఒక పక్క మాట. ఈ రంగుకు మన తీరం ఒకప్పుడు పేరుమోసింది. నిజాంపట్నం, మచిలీపట్నం రేవులకు 17వ శతాబ్దిలో డచ్చి, ఇంగ్లీషు వర్తకులు వచ్చింది అద్దకపు గుడ్డల కోసమే. ఆ ఎరుపు చిరివేరు నుంచి, పటిక సాయంతో వచ్చేది. అందులో ఉండే అలిజరిన్‌ను 1868లో జర్మన్ రసాయనవేత్తలు గ్రేబ, లీబర్మన్ బొగ్గుతారు నుంచి తీసిన పదార్థంతో తయారుచేశాక వేర్లు తవ్వే పని మూలపడింది. ఇప్పటి మంచి దారాల ఎరుపు ఉతికినా వదలదు. పేరులేని చవక ఎరుపును మాత్రం నమ్మకండి. తడిపిన తెల్లగుడ్డలో పోగు చుట్టి రాత్రంతా ఉంచితే దాని గుణం పొద్దున తెలుస్తుంది.

గులాబి అయ్యాక ఇస్త్రీపెట్టె తీయబోతే పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. బల్ల మీద మందపాటి తువాలు పరిచి, కుట్టు కిందికి వచ్చేలా గుడ్డను బోర్లించి, వెనకవైపు నుంచి వేయమంది. పైనుంచి వేస్తే ముడులు చదునైపోయి వెలుగు దూరే గుంటలు పూడిపోతాయి, బంతి మళ్లీ ఒట్టి పసుపు మచ్చ అవుతుంది. ఇటుకరంగు కనకాంబరాలు రెండు మాత్రం విప్పకుండా మూలన వదిలేసింది. అవి వాడినవి అనుకోమంది.