సరిహద్దు దాటిన చందా: పోర్ట్స్‌మత్ పబ్బు నుంచి బెంగళూరు దాకా

ఐపీఎల్ గాని, ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ గాని మొదలయ్యే వేళకు బెంగళూరు తెలుగువాళ్ళ మధ్య ఒక పాత తగాదా మళ్ళీ లేస్తుంది. మారతహళ్ళిలోనో బెళ్ళందూరులోనో ఉండే ఇంజినీరు విదేశీ స్పోర్ట్స్ చానల్‌కు నెలనెలా డబ్బు కట్టి, తాను వేరే దేశంలో ఉన్నట్టు చూపించే వీపీఎన్ పెట్టుకుని చూస్తాడు. ఇక్కడి తల్లిదండ్రుల పేరున ఉన్న ఖాతాతో డాలస్‌లోని కొడుకు మన చానళ్ళు చూస్తాడు. ఇది నేరమా, లేక కంపెనీ పెట్టిన షరతును తప్పడం మాత్రమేనా అన్నదే తగాదా. మిద్దెల మీద డిష్‌లు మొలిచిన రోజులు, కేబుల్ ఆపరేటర్ల ఏలుబడి, స్టార్ టీవీ రాక అందరికీ తెలిసిన సంగతులే కనుక వాటిని ఇక్కడ వదిలేద్దాం. నేటి వివాదాన్ని అర్థం చేసుకోవడానికి పనికివచ్చే మలుపు 2011 అక్టోబర్ 4న లక్సెంబర్గ్‌లో, ఐరోపా న్యాయస్థానంలో వచ్చింది.

ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మత్‌లో పబ్బు నడిపే కారెన్ మర్ఫీ, బ్రిటన్ హక్కులున్న స్కై సంస్థకు చందా కట్టే బదులు గ్రీసుకు చెందిన నోవా అనే చందా టీవీ సంస్థ డీకోడర్ కార్డు (తాళం వేసిన ప్రసారాన్ని విప్పే కార్డు) తెప్పించుకుని ప్రీమియర్ లీగ్ మ్యాచ్‌లు చూపించారు. ఆ కార్డు దొంగది కాదు. ప్రసార హక్కులను ప్రీమియర్ లీగ్ దగ్గరే కొనుక్కున్న నోవా దాన్ని స్వయంగా విడుదల చేసింది, దాని మీద చందా కూడా అందుకుంది. కాకపోతే ఆ చందా స్కై అడిగే సొమ్ము కంటే ఎంతో తక్కువ, కార్డు వాడవలసిన చోటు గ్రీసు. ఈ కారణంగా ఆమె మీద క్రిమినల్ కేసు నడిచింది, శిక్ష పడింది, జరిమానా ఖర్చులతో కలిపి సుమారు 8,000 పౌండ్లయింది. ఆమె అప్పీలు మీద లండన్ హైకోర్టు కొన్ని ప్రశ్నలను లక్సెంబర్గ్‌కు నివేదించింది.

మరొక సభ్యదేశపు డీకోడర్ కార్డును తెచ్చుకోవడాన్ని, అమ్మడాన్ని, వాడడాన్ని నిషేధించే జాతీయ చట్టం, ఐరోపా సమాఖ్యలో సేవలు స్వేచ్ఛగా అందాలన్న ఒప్పందానికి విరుద్ధమని విస్తృత ధర్మాసనం తేల్చింది. హక్కుదారుకు తగిన ప్రతిఫలం రావాలని అంగీకరిస్తూనే, ఒక్కో దేశాన్ని పూర్తిగా మూసివేసి ఒక్కరికే అమ్మినందుకు వచ్చే అదనపు సొమ్ము ఆ ప్రతిఫలంలో భాగం కాదనీ, అది దేశానికో కృత్రిమ ధరను పుట్టిస్తుందనీ చెప్పింది. శనివారం మధ్యాహ్నం టీవీలో మ్యాచ్‌లు వస్తే జనం స్టేడియాలకు రారన్న వాదన కూడా నిలవలేదు. ఆ గంటల్లో ప్రసారం చేయవద్దని చానళ్ళతోనే ఒప్పందం రాసుకోవచ్చు కదా అన్నది కోర్టు జవాబు. అన్నిటికంటే నేటి వీపీఎన్ వాడకందార్లు గుర్తుంచుకోదగ్గ మాట మరొకటి ఉంది. తప్పుడు పేరు, తప్పుడు చిరునామా ఇచ్చి కార్డు తీసుకున్నంత మాత్రాన అది అక్రమ పరికరం కాదని ఆ తీర్పు స్పష్టం చేసింది.

ఆ తీర్పు ఐరోపా అంతర్గత విపణికి సంబంధించినది, భారతదేశంలో చెల్లదు. అయినా దాని విలువ చెల్లుబాటులో లేదు, అది గీసిన గీతలో ఉంది. అప్పటిదాకా హక్కుదారులు డబ్బు ఎగ్గొట్టి చూసేవాడినీ, డబ్బు కట్టి వేరే దేశపు ధరకు చూసేవాడినీ ఒకే గాటన కట్టి పైరసీ అనేవారు. మొదటిది దొంగతనం, రెండోది ధరల విభజన మీద తగవు అని ఒక పెద్ద న్యాయస్థానం విడదీసి చూపింది.

హక్కుదారుల వాదనలోనూ పస లేకపోలేదు. సినిమాలకు పెట్టుబడి దేశాలవారీగా హక్కులు ముందే అమ్మడం వల్ల వస్తుందని, ఎల్లలు చెరిగితే చిన్న భాషల నిర్మాతలే ముందు నష్టపోతారని వాళ్ళంటారు. 1980లో కోడిటెల్ కేసులో అదే న్యాయస్థానం, జర్మన్ టీవీలో వచ్చిన సినిమాను బెల్జియం కేబుల్ సంస్థ పట్టి ప్రసారం చేయడాన్ని బెల్జియం హక్కుదారు అడ్డుకోవచ్చని చెప్పింది. మూడు దశాబ్దాలు ఆ తీర్పే వాళ్ళ గొడుగు.

మర్ఫీ తీర్పులో రెండో సగం ఉందని మన కోరమంగల, ఇందిరానగర్ పబ్బుల యజమానులు మరవకూడదు. ఫుట్‌బాల్ మ్యాచ్ నియమాలకు లోబడి నడిచేది కనుక అది కాపీరైట్ వర్తించే సృజన కాదని కోర్టు చెప్పింది గాని, ప్రసారంలో వచ్చే లీగ్ గీతం, ప్రారంభ వీడియో, పాత మ్యాచ్ ముక్కలు, గ్రాఫిక్స్ కాపీరైట్ కిందికి వస్తాయనీ, వాటిని పబ్బులో చూపడం ప్రజలకు ప్రసారం చేయడమే కనుక అనుమతి తప్పదనీ కూడా చెప్పింది. 2012 ఫిబ్రవరిలో మర్ఫీ శిక్ష రద్దయింది, పబ్బుల మీద కాపీరైట్ దావాలు మాత్రం ఆగలేదు. మన కాపీరైట్ చట్టం 37వ సెక్షన్ కూడా రుసుము తీసుకుని ప్రసారాన్ని ప్రజలకు చూపడాన్ని ఉల్లంఘనగానే చూస్తుంది. మ్యాచ్ రాత్రి కవర్ చార్జీ వసూలు చేసే చోట ఆ సెక్షన్ తలుపు తడుతుంది. ఇంట్లో సోఫాలో కూర్చున్నవాడి సంగతి వేరు.

ఇంతలో సాంకేతికత మారింది. ఉపగ్రహ సంకేతం ఎల్లలు చూడకుండా అందరి మీదా పడుతుంది, దాన్ని విప్పే కార్డు ఒక్కటే అడ్డు. ఇంటర్నెట్ ప్రసారం అలా కాదు. చూసేవాడు అడిగినప్పుడే సర్వర్ పంపుతుంది, అడిగిన చిరునామా ఏ దేశానిదో చూసి మరీ పంపుతుంది. కోర్టులో ఓడిన ఎల్ల సర్వర్‌లో తిరిగి లేచింది. ఐరోపా కమిషన్ 2015 జులైలో స్కై యూకే మీద, ఆరు అమెరికన్ స్టూడియోల మీద అభియోగ పత్రం జారీ చేసింది. వేరే దేశపు చందాదారు తనంతట తానే వచ్చి అడిగినా ఇవ్వకూడదన్న షరతు ఒప్పందాల్లో ఉందన్నది ఆరోపణ. పారమౌంట్ 2016లో, డిస్నీ, ఎన్‌బీసీ యూనివర్సల్, సోనీ, వార్నర్, స్కై 2019లో ఆ షరతు వదులుకుంటామని హామీ ఇచ్చాయి. అయితే ఫ్రాన్సుకు చెందిన చందా టీవీ సంస్థ కెనాల్ ప్లస్ అదే న్యాయస్థానంలో పోరాడి, పారమౌంట్ హామీకి కమిషన్ ఆమోదం తెలిపిన నిర్ణయాన్ని, అది తన ఒప్పంద హక్కులను దెబ్బతీసిందన్న కారణం మీద 2020 డిసెంబర్ 9న కొట్టివేయించుకుంది.

ఐరోపా చట్టసభ అంతకుముందే రాజీపడింది. 2018 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం ఐరోపా చందాదారు మరో సభ్యదేశానికి తాత్కాలికంగా వెళ్ళినప్పుడు తన చందాను వెంట తీసుకెళ్ళవచ్చు, ఇంట్లో కూర్చుని పక్కదేశపు చందా కొనుక్కునే హక్కు మాత్రం లేదు. అదే ఏడాది డిసెంబర్‌లో వచ్చిన జియో బ్లాకింగ్ (కొనేవాడి దేశం చూసి అడ్డుకోవడం) నిషేధం బూట్ల దుకాణానికి వర్తిస్తుంది, సినిమాలకూ క్రీడా ప్రసారాలకూ వర్తించదు.

ఇక మన దగ్గర. విదేశీ చానల్ కేబుల్‌లోనో డీటీహెచ్‌లోనో రావాలంటే కేంద్ర సమాచార ప్రసార శాఖ డౌన్‌లింకింగ్ (ఉపగ్రహ సంకేతాన్ని దేశంలో దింపుకుని పంచడం) అనుమతి కావాలి. 1995 కేబుల్ చట్టం భారమంతా ఆపరేటర్ మీద, చూసేవాడి మీద కాదు. వీక్షకుడికి దగ్గరగా వచ్చేది కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో చేరిన 65ఎ సెక్షన్. డిజిటల్ తాళాల వంటి సాంకేతిక రక్షణను తప్పించుకున్నవారికి రెండేళ్ళ దాకా జైలు, జరిమానా అంటుంది గాని, కాపీరైట్ చట్టం ఇచ్చిన హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో ఆ పని చేసి ఉండాలన్న నియమం పెట్టింది. డబ్బు కట్టి, కాపీ తీసుకోకుండా, నలుగురికీ చూపకుండా, తానొక్కడే చూసినవాడు ఏ హక్కును ఉల్లంఘించినట్టు? అదే సవరణ, ప్రసార సాంకేతిక ప్రక్రియలో క్షణకాలం నిలిచే నకలును ఉల్లంఘన కాదనీ చెప్పింది. ఈ రెండు నిబంధనలనూ కలిపి చదివితే ఇంటి వీక్షకుడి వైపే మొగ్గు కనిపిస్తుంది.

కంపెనీల తరఫున తరచూ చూపే కోర్టు ఉత్తర్వులు వేరే జాతివి. 2012లో మద్రాస్ హైకోర్టు ఒక తమిళ సినిమా విషయంలో ఇచ్చిన జాన్ డో ఉత్తర్వును (పేరు తెలియని ప్రతివాదుల మీద ఇచ్చేది) అడ్డుపెట్టుకుని సైట్లకు సైట్లే మూసేస్తే, ఫలానా లింకులకే పరిమితమని ఆ కోర్టే తర్వాత వివరణ ఇవ్వవలసి వచ్చింది. 2019 ఏప్రిల్ 10న ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన డైనమిక్ ఇంజంక్షన్ (కొత్త పేర్లకూ విస్తరించే నిషేధాజ్ఞ) తీర్పు పేర్లు మార్చుకుంటూ తిరిగే దొంగ సైట్ల గురించి. హక్కుదారుకు పైసా చేరని సైట్ల మీద వచ్చిన ఈ ఉత్తర్వులను, చందా రశీదు చేతిలో ఉన్నవాడి మీద వాడటం సరికాదు. వీపీఎన్ వాడకమూ ఇక్కడ నిషిద్ధం కాదు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు వినియోగదారుల వివరాలను ఐదేళ్ళు దాచాలని వీపీఎన్ కంపెనీలను కోరాయి, అంతే.

ధరల గోడ ఎంత ఎత్తో చూడాలంటే 2023 ఐపీఎల్ చాలు. 2022 జూన్ వేలంలో ఐదు సీజన్ల ప్రసార హక్కులు 48,390 కోట్ల రూపాయలు పలికాయి. ఆ తర్వాతి సీజన్‌లో బెంగళూరులో జియోసినిమాలో ఉచితంగా వచ్చిన మ్యాచ్‌నే అమెరికాలో చూడాలంటే అక్కడి విల్లో టీవీ చానల్‌కు చందా కట్టవలసి వచ్చింది. ఒకే మ్యాచ్‌కు రెండు ధరలుండటం నేరం కాదు. చవక ధరను వెతుక్కోవడాన్ని నేరమనడమే చిక్కు.

వ్యక్తిగత వీక్షకుడి విషయంలో కంపెనీల చేతిలో ఉన్న సులువైన ఆయుధం ఖాతా మూసివేత. అప్పుడు మిగిలిన నెలల చందా వెనక్కి ఇవ్వాలా అన్నది కాపీరైట్ చట్టం తేల్చే ప్రశ్న కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వినియోగదారు తాను నివసించే చోటే ఫిర్యాదు వేయవచ్చు. ఏకపక్ష షరతులున్న ఒప్పందం అన్యాయమైనదని అనాలంటే జిల్లా కమిషన్‌కు కాక రాష్ట్ర కమిషన్‌కే వెళ్ళాలి.