కెమెరా జారింది 2012లో, దారి తెరిచింది 1998లో

మధ్య అమెరికా దేశం బెలీజ్‌లోని ఆక్తున్ తునిచిల్ ముక్నాల్ గుహ మీద చర్చ ఎప్పుడు రాజుకున్నా మూడు ప్రశ్నలు ఒకదానిలో ఒకటి చిక్కుకుంటాయి. లోపలికి కెమెరాలు మళ్లీ అనుమతించాలా? రోజుకు పంపే జనాన్ని పెంచాలా, తగ్గించాలా? మనుషుల్ని బలిచ్చిన చోటును సాహసయాత్ర పేరుతో అమ్మడం అసలు సబబేనా? ఈ వివాదం గురించి రాసేవాళ్లలో ఎక్కువమంది 2012 మే నెల నుంచి మొదలుపెడతారు. ఫొటో తీయబోయిన ఒక పర్యాటకుడి చేతిలోంచి కెమెరా జారి, వెయ్యేళ్లకు పైబడిన పుర్రె మీద పడింది. పుర్రెకు రంధ్రం పడింది. ఆ వెంటనే గుహలోకి కెమెరాలు తీసుకెళ్లడాన్ని నిషేధించారు. ఫోనైనా, హెల్మెట్‌కు బిగించే చిన్న కెమెరా అయినా బయట వ్యాన్‌లో వదిలి రావాల్సిందే.

ఆ ఘటన పెద్దదే. అయినా నేటి గొడవకు మూలం అక్కడ లేదు. ఒక మనిషి, చేతిలో బరువైన వస్తువుతో, పుర్రెకు మూరెడు దూరంలో, మధ్యలో ఏ అడ్డూ లేకుండా నిలబడగలిగాడు. అలా నిలబడే వీలు ఎప్పుడు కలిగింది, ఎందుకు కలిగింది అన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు 1998లో ఉంది. గుహను టికెట్టు యాత్రలకు తెరిచింది ఆ ఏడాదే.

ఈ ప్రాంతపు ప్రాచీన ప్రజలైన మాయాలు గుహలను పాతాళలోకం షిబాల్బాకు ద్వారాలుగా భావించారన్నది చాలాసార్లు రాసిన విషయమే. గుహను 1980లలో భూస్వరూప శాస్త్రవేత్త థామస్ మిల్లర్ వెలుగులోకి తెచ్చారు. 1990లలో పురావస్తు శాస్త్రవేత్త హైమే ఆవే బృందం తవ్వకాల కంటే ఎక్కువగా నమోదు మీద దృష్టి పెట్టి పనిచేసింది. నీటి ప్రవాహానికి ఎగువన ఉన్న పొడి మందిరంలో వందలాది కుండలు, రాతి పనిముట్లు, 14 మంది మనుషుల అవశేషాలు దొరికాయి. వారిలో పసిపిల్లలూ ఉన్నారు. వీటిలో ఎక్కువ భాగం క్రీ.శ. 700–900 మధ్యవి. అంటే ఆ ప్రాంతంలో వానలు మొహం చాటేసి, మాయా నగరాలు ఒక్కొక్కటీ ఖాళీ అవుతున్న కాలానివి. వానదేవుడు చాక్ కోసం జనం గుహల్లో ఇంకా ఇంకా లోపలికి వెళ్లి అర్పణలు చేశారని ఈ తవ్వకాలు చేసినవారి అభిప్రాయం.

అప్పుడు బెలీజ్ పురావస్తు శాఖ ముందు రెండు దారులున్నాయి. వస్తువులన్నీ మ్యూజియానికి తరలించడం ఒకటి, ద్వారానికి ఇనుప తలుపు పెట్టి పరిశోధకులకు తప్ప ఎవరికీ తాళం ఇవ్వకపోవడం మరొకటి. ఈ రెండూ కాదని మూడో దారి పట్టారు. వస్తువులను ఉన్నచోటే ఉంచేసి, వాటి మధ్య నుంచే జనాన్ని నడిపించాలని నిర్ణయించారు. తర్వాత వచ్చిన ప్రతి నియమమూ, ప్రతి ప్రమాదమూ, ప్రతి తగాదా ఈ ఒక్క నిర్ణయం నుంచే పుట్టాయి.

ఉన్నచోటే ఉంచడానికి గట్టి కారణమే ఉంది. సున్నపురాయి కొండలోంచి దిగే నీటిలో సున్నం కరిగి ఉంటుంది. ఆ నీరు గుహ గాలి తగలగానే తనలోని బొగ్గుపులుసు వాయువును వదులుతుంది, సున్నం కాల్సైట్ రూపంలో పేరుకుంటుంది. పొడి మందిరం నేలంతా ఇలా ఏర్పడిన చిన్న చిన్న గట్లు, వాటి మధ్య పళ్లేల్లాంటి గుంటలు. వానాకాలం ఆ గుంటల్లో నీరు నిలిచి, తగ్గి, మళ్లీ నిలిచి వెయ్యేళ్లుగా కుండల అడుగులనూ ఎముకలనూ నేలకు అతికించేసింది. ఇప్పుడు కుండను పైకి లేపితే అడుగు నేలలోనే ఉండిపోయి గోడలు చేతికొస్తాయి. ఎముకైతే పొడి అవుతుంది.

రెండో కారణం ఇంకా ముఖ్యమైంది. పురావస్తు శాస్త్రవేత్త హాలీ మోయెస్ ఈ మందిరంలోని 1400కు పైగా వస్తువులను, పెంకులను ఒక్కొక్కటిగా మ్యాపు మీద గుర్తించారు. ఏ కుండ ఏ గట్టు పక్కన ఉంది, ఏది బోర్లించి ఉంది, దేనికి కావాలని చిల్లు పొడిచారు, ఏవి మూడు రాళ్ల పొయ్యి ఆకారంలో పేర్చారు అన్నదాన్ని బట్టే అక్కడ జరిగిన పూజ తీరు తెలుస్తుంది. అద్దాల పెట్టెలోకి చేరిన కుండ మంచి కుండే కానీ, ఆ సమాచారం అందులో ఉండదు. 1971 నాటి పురావస్తు చట్టం ప్రకారం ఇవన్నీ ప్రభుత్వ ఆస్తి. ప్రభుత్వం వాటిని కదపకూడదని నిర్ణయించుకోవడం సరైన పనే.

జనాన్ని పంపడానికి చెప్పిన కారణం వేరు. అడవిలో కాపలా లేని గుహను దొంగలు ఖాళీ చేస్తారు. బెలీజ్‌లో అలా నాశనమైన గుహలు చాలానే ఉన్నాయి. రోజూ గైడ్లు వచ్చిపోతుంటే అదే కాపలా అవుతుంది, దగ్గరి ఊళ్లవారికి జీతమూ దొరుకుతుంది. ఈ వాదన తప్పని ఇప్పటికీ ఎవరూ గట్టిగా అనలేరు. అయితే కాపలా పనీ, యాత్ర నడిపే పనీ ఒకే మనిషి భుజం మీద పడ్డాయన్న సంగతి అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

ఆ భారం ఎలాంటిదో తెలియాలంటే యాత్ర జరిగే తీరు చూడాలి. శాన్ ఇగ్నాసియో నుంచి గంట ప్రయాణం. టీకెటిల్ ఊరి దగ్గర హైవే దిగి పొలాల మధ్య మట్టిరోడ్డు పట్టాలి. బండి ఆగిన చోటు నుంచి దాదాపు 45 నిమిషాల నడక, దారిలో మూడుసార్లు ఏరు దాటాలి. మొదటి రేవులో తాడు కట్టి ఉంటుంది, నీరు ఎక్కువగా ఉన్నప్పుడు దాన్ని పట్టుకుని ఈదాలి. గుహ వాకిలి ఇసుక గడియారం ఆకారంలో ఉంటుంది. అక్కడ నడక కుదరదు. ఆరేడు మీటర్ల లోతైన మడుగును ఈదితేనే లోపలికి చేరతారు. ఆ పైన సుమారు అర కిలోమీటరు దూరం ప్రవాహానికి ఎదురు నడక. నీరు ఒకచోట మడమ దాకా, ఒకచోట మెడ దాకా ఉంటుంది. బొర్రా గుహల్లోలా మెట్లు, రెయిలింగు, దీపాలు ఉంటాయనుకుని వెళ్తే ఇబ్బంది పడతారు. హెల్మెట్ మీది లైటు తప్ప లోపల వేరే వెలుతురు లేదు.

గైడ్ ముందు నడుస్తాడు. నీటి అడుగున రాయి తగిలితే వెనక్కి చెబుతాడు, రెండోవాడు మూడోవాడికి చెబుతాడు, అలా మాట చివరిదాకా పాకాలి. ఎనిమిది మందిలో ఒకరు మాట అందించకపోతే ఆ వెనకాలవాళ్లందరికీ మోకాలు రాతికి తగులుతుంది. నీటిలో ఉన్నంతసేపు ఈ గొలుసు తెగితే దెబ్బ తగిలేది మనిషికే. పైకెక్కాక తెగితే దెబ్బ కుండకు తగులుతుంది. రెండింటి మధ్య తేడా అదే.

పొడి మందిరానికి ఎక్కేది పెద్ద బండ మీదుగా. అక్కడ బూట్లు విప్పి సాక్సులు తొడగాలి. ఇది మర్యాద కోసం పెట్టిన నియమమని చాలామంది అనుకుంటారు, కానీ దీని అవసరం వేరు. బూటు అడుగున ఇరుక్కున్న ఇసుక, గులకరాళ్లు సన్నని కాల్సైట్ పొరను గీరేస్తాయి. పోనీ ఒట్టి కాళ్లతో నడుద్దామంటే చర్మం మీది జిడ్డు రాతికి అంటుకుంటుంది. జిడ్డు పట్టినచోట కొత్త కాల్సైట్ పేరుకోదు, రాయి నల్లబడి నున్నబడుతుంది. సాక్సు ఈ రెండు కష్టాలనూ తప్పిస్తుంది. పైగా కాలికింద ఏముందో తెలుస్తుంది కాబట్టి మనిషి తనకు తెలియకుండానే నెమ్మదిగా అడుగు వేస్తాడు. నడిచే దారికి అటూ ఇటూ నారింజరంగు టేపు గుర్తులుంటాయి. కొన్నిచోట్ల ఆ రెండు గుర్తుల మధ్య ఒక్క పాదం పట్టేంత చోటే ఉంటుంది, పక్కనే కుండ.

ఇంతకు మించి అడ్డు లేదు. చెక్క వంతెన వేద్దామంటే దాని కాళ్లు దించడానికి వస్తువు లేని నేల దొరకదు. విద్యుద్దీపాలు పెడితే వాటి వెలుతురుకు రాతి మీద నాచు పడుతుంది. కాబట్టి 1998 నిర్ణయానికి కట్టుబడినంత కాలం కంచె, వంతెన, కాపలా అన్నీ ఆ గైడే.

పర్యాటకులు ప్రమాదం చేసే తీరు కూడా గైడ్లకు బాగా తెలుసు. కావాలని తాకేవాళ్లు తక్కువ. పక్కవాడికి చోటిద్దామని వెనక్కి అడుగు వేసేవాడు, తూలి పైనుంచి వేలాడే సున్నపు కడ్డీని పట్టుకునేవాడు, తల తిప్పి మాట్లాడుతూ లైటును ముందువాడి కళ్లలో కొట్టేవాడు ఎక్కువ. కెమెరా వీటన్నిటినీ ఒకేచోట చేర్చేది. చేతులు రెండూ ఖాళీ ఉండవు, చూపు తెర మీద ఉంటుంది, దృశ్యం మొత్తం పట్టాలని కాలు వెనక్కి పోతుంది. 2012 నాటి నిషేధం అందుకే పనిచేసింది. అది వచ్చాక బృందాలు చకచకా కదులుతున్నాయి, జనం వినడం మొదలుపెట్టారు. కెమెరాలు తిరిగి కావాలంటున్న యాత్రా సంస్థలది ఒకే మాట: ఫొటోలు లేకపోతే ప్రచారం లేదు. నిషేధం తర్వాత కూడా ఈ యాత్ర బెలీజ్‌లో అందరూ వెళ్లాలనుకునే వాటిలో ఒకటిగానే ఉంది.

ఇక చట్టం సంగతి. ఈ వివాదంలో అతి తక్కువగా చర్చకు వచ్చేది ఇదే. గుహ ఉన్న అడవి టాపిర్ మౌంటెన్ నేచర్ రిజర్వులో భాగంగా ఉండేది. బెలీజ్ రక్షిత ప్రాంతాల్లో నేచర్ రిజర్వు అన్నది అన్నిటికన్నా కఠినమైన తరగతి. 1981 చట్టం ప్రకారం అందులో పరిశోధనకూ విద్యకూ తప్ప పర్యాటకానికి వీల్లేదు. అలాంటి చోట 1998 నుంచి టికెట్టు యాత్రలు నడిచాయి. గుహనూ దాని చుట్టుపక్కల కొంత భాగాన్నీ రిజర్వు నుంచి విడదీసి సహజ స్మారకంగా ప్రకటించింది 2004లో. ముందు యాత్ర వచ్చింది, దానికి సరిపడా చట్టం ఆరేళ్లకు వచ్చింది. ఆ మార్పు కూడా గుహకు ఎంత తాకిడి భరించే శక్తి ఉందని కొలిచి చేసింది కాదు, అప్పటికే నడుస్తున్నదాన్ని సక్రమం చేయడానికి చేసింది. 2003లో ఏర్పడిన పురావస్తు సంస్థకు తొలి సారథి ఆవేనే కావడం గుహకు మేలే చేసింది. ప్రత్యేక శిక్షణ, ప్రత్యేక లైసెన్సు ఉన్న గైడ్లకే ప్రవేశం, ఒక గైడ్‌కు ఎనిమిది మందికి మించకూడదన్న హద్దు నిలబడ్డాయంటే గుహ గురించి తెలిసినవారు కుర్చీలో ఉండటమే కారణం. లైసెన్సు కొందరికే పరిమితమైందని మిగతా గైడ్ల ఫిర్యాదు. ఉపాధి కోణంలో అది నిజమే. కానీ లైసెన్సులు పెంచితే ఒకే సమయంలో మందిరంలో ఉండే బృందాలూ పెరుగుతాయి. ఒంటికాలి దారిలో ఎదురెదురుగా వచ్చిన రెండు బృందాల్లో ఒకటి టేపు దాటక తప్పదు.

మూసేయాలనే పక్షం చూపించే ఉదాహరణ పొరుగునే గ్వాటెమాలాలో ఉంది. అక్కడి నాహ్ తునిచ్ గుహలోని అపురూపమైన మాయా చిత్రాలను 1989లో దుండగులు చెరిపి పాడుచేశారు. ఈ ఉదాహరణ రెండువైపులా పదునైనదే. తలుపు వేసినంత మాత్రాన కాపలా ఉన్నట్టు కాదని గైడ్లు దాన్నే తిప్పి చెబుతారు.

అంతకన్నా మెక్సికోలోని బలంకాంచే గుహ ఎక్కువ పాఠం చెబుతుంది. 1959లో అక్కడ మూసుకుపోయిన గదిలో అర్పణలు బయటపడ్డాయి. పవిత్రస్థలం నిద్ర చెడిందని, దేవతలను శాంతింపజేయకపోతే లోపలికి వెళ్లినవారికి కీడు జరుగుతుందని దగ్గరి ఊరి మాయా పూజారి హెచ్చరించాడు. పురావస్తు బృందం ఆ మాట విని, గుహలోనే జరిగిన సుదీర్ఘమైన పూజలో తానూ పాల్గొంది. మెక్సికోలోనే చిచెన్ ఇట్సా అనే మాయా నగర శిథిలాల దగ్గర, 2019లో ప్రపంచానికి ప్రకటించిన బలాంకూ గుహలోకి వెళ్లేముందు కూడా పరిశోధకులు అలాంటి పూజ చేయించారు, వస్తువులను కదపకుండా వదిలేశారు. ఆ గుహను యాత్రలకు మాత్రం తెరవలేదు.

ఆక్తున్ తునిచిల్ ముక్నాల్‌లో అందరూ చూడాలనుకునేది చివరి గదిలోని అస్థిపంజరం. కాల్సైట్ పూత లైటు వెలుతురులో మెరుస్తుంది కాబట్టి ‘స్ఫటిక కన్య’ అని పేరు పెట్టారు. తర్వాతి పరిశీలనల్లో అది 17 ఏళ్ల వయసున్న అబ్బాయిది కావచ్చని తేలింది. పేరు మాత్రం మారలేదు, టికెట్లు ఆ పేరు మీదే అమ్ముడుపోతున్నాయి. ఎవరి బిడ్డో కూడా సరిగా తెలియని చోట, ఆ ఒళ్లు చూపించడానికి ఎవరి అనుమతి కావాలి? కెమెరా గొడవలో పడి ఈ ప్రశ్న ఎప్పుడూ పక్కకు పోతుంది.

ఆ గదికి వెళ్లేది అల్యూమినియం నిచ్చెన మీదుగా. సాక్సులు తడిసి ఉంటాయి, మెట్లు జారతాయి. ఎక్కేటప్పుడు కింద నిచ్చెన పట్టుకునే మనిషి కావాలి. ఎక్కినవాళ్లు ఇరుకు చోట అస్థిపంజరం వైపు జరగకుండా చూడటానికి పైనా ఒక మనిషి కావాలి. ఎనిమిది మందికి గైడ్ ఒక్కడే. రోజువారీ సంఖ్య పెంచాలన్న ప్రతిపాదనలోనూ, తగ్గించాలన్న ప్రతిపాదనలోనూ ఆ నిచ్చెన దగ్గర రెండో మనిషిని పెట్టే మాట కనిపించదు.