క్లచ్ వదలగానే వినిపించే 'టక్'

మిర్చి సీజనులో వరంగల్ ఏనుమాముల మార్కెట్ గేటు ముందు పికప్ బండ్ల వరుస జరుగుతుండగా పక్కన నిలబడి వింటే, కొన్ని బండ్ల కింద నుంచి కదిలిన ప్రతిసారీ ఒక 'టక్' వినిపిస్తుంది. క్లచ్ వదలగానే ఒకసారి, యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే మరోసారి. నర్సంపేట నుంచో పరకాల నుంచో దారి పొడవునా చప్పుడు లేకుండా వచ్చిన బండి, వరుసలో ఆగి ఆగి కదిలేటప్పుడే ఇలా ఎందుకు కొట్టుకుంటుంది?

ఇంజన్ శక్తి గేర్‌బాక్సు నుంచి ప్రొపెల్లర్ షాఫ్ట్ (బండి కింద పొడవునా తిరిగే గొట్టం), దాని జాయింట్లు, వెనక ఇరుసు మధ్యనున్న హౌసింగులోని క్రౌన్ పినియన్ (షాఫ్టు తిప్పుడును చక్రాల వైపు మళ్ళించే పళ్ళచక్రాల జత), యాక్సిల్ షాఫ్టుల మీదుగా వెనక చక్రాలకు చేరుతుంది. ఈ దారిలో ఒక భాగం మరొక భాగాన్ని పట్టుకున్న ప్రతిచోటా కొద్దో గొప్పో ఖాళీ ఉంటుంది. బలం ఒకే దిశలో పనిచేస్తున్నంతసేపూ ఆ ఖాళీలన్నీ ఒక పక్కకు మూసుకుని ఉంటాయి కాబట్టి చప్పుడు రాదు. బలం దిశ మారిన క్షణంలో మాత్రం ఆ భాగాలు ఖాళీని దాటి అవతలి అంచుకు గుద్దుకుంటాయి.

షాఫ్టును చేత్తో ఊపి చూసి, వెంటనే హౌసింగు పోయిందని తేల్చేయడం తొందరపాటు. క్రౌన్ పినియన్ నిష్పత్తి 4 (షాఫ్టు నాలుగు చుట్లకు చక్రం ఒక చుట్టు) అనుకుంటే, యాక్సిల్ పళ్ళ దగ్గరున్న ఒక్క డిగ్రీ ఆట (వదులు) షాఫ్టు దగ్గర నాలుగు డిగ్రీలై కనిపిస్తుంది. పైగా ఆయిల్ పొర నిలవడానికి, వేడికి లోహం వ్యాకోచించడానికి క్రౌన్ పినియన్ పళ్ళ మధ్య మిల్లీమీటరులో పదో వంతు, రెండు పదో వంతుల ఖాళీని కావాలనే ఉంచుతారు.

నా దృష్టిలో ముందుగా అనుమానించవలసింది జాయింటులో రెండు ఫోర్కులను కలిపే కూడిక గుర్తు ఆకారపు ముక్క, క్రాసునే. దాని నాలుగు కొమ్ములకూ నాలుగు టోపీలు, ఒక్కో టోపీలో సూదుల్లాంటి సన్నటి బేరింగులు ఉంటాయి. ఇవి మామూలు బేరింగుల్లా పూర్తిగా తిరగవు. ఉన్నచోటనే కొన్ని డిగ్రీల మేర అటూ ఇటూ ఊగుతాయి. అందువల్ల గ్రీజు ఒకసారి పక్కకు జరిగిందంటే మళ్ళీ ఆ చోటికి సరిగా చేరదు, లోడు బరువంతా అవే గీతల మీద పడుతుంది. అరిగిన క్రాసు టోపీని విప్పితే కారం రంగు తుప్పు పొడి రాలుతుంది, కొమ్ము మీద గోరు పెట్టి లాగితే వరుసగా పడిన గాట్లు తగులుతాయి. 'టక్' మొదలవడానికి ముందు, నెమ్మదిగా నడిచేటప్పుడు షాఫ్టు చుట్టుకొకసారి కీచుమనే చప్పుడు తరచుగా వస్తుంది. ఆ దశలోనే క్రాసు మార్చినవాళ్ళు తెలివైనవాళ్ళు.

పరీక్షకు బండిని చదునైన నేల మీద ఆపి, ఇంజన్ కట్టేసి, చక్రాలకు ముందూ వెనకా అడ్డం పెట్టాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరకూడదు. హ్యాండ్‌బ్రేక్ లాగి, న్యూట్రల్‌లో ఉంచి, వెనక జాయింటు దగ్గర షాఫ్టును అటూ ఇటూ తిప్పాలి. షాఫ్టు కదిలాక కాస్త ఆలస్యంగా పినియన్ వైపు భాగం కదిలితే లోపం క్రాసులోనిదే, రెండూ ఒక్కసారే కదిలితే ఆట దాని వెనక, హౌసింగులో ఉన్నట్టు. ముందు జాయింటును ఇలాగే, గేరు వేసి చూడాలి.

బండి ఆగిన తరువాత ఒక్క 'టక్' మాత్రమే వస్తే స్లిప్ జాయింటును (షాఫ్టు పొడవు కాస్త పెరిగి తగ్గేలా ఒకదానిలో ఒకటి జారే పళ్ళ అతుకును) చూడాలి. కమాను కట్టలు లోడుకు కుంగి లేచేటప్పుడు గేర్‌బాక్సుకూ యాక్సిల్‌కూ మధ్య దూరం మారుతుంది కాబట్టి అక్కడి పళ్ళు ముందుకూ వెనక్కూ జారాలి. గ్రీజు ఎండితే అవి పట్టుకుని, ఒక్కసారిగా వదులుతాయి. కమాను కట్టలను యాక్సిల్‌కు బిగించే యు-బోల్టులు వదులైనా, ఇంజన్‌ను మోసే మౌంటింగులు చీలినా ఇలాంటి చప్పుడే వస్తుంది.

షాఫ్టు విప్పే ముందు రెండు వైపులా పెయింటుతో గుర్తు పెట్టడం మరవకూడదు. కోణంలో తిరిగే ఒక్క జాయింటు అవతలి వేగాన్ని ప్రతి చుట్టులో రెండుసార్లు పెంచి తగ్గిస్తుంది. రెండో జాయింటు ఆ తేడాను సరిచేయాలంటే షాఫ్టు రెండు కొసల ఫోర్కులు కంపెనీ అమర్చిన వరుసలోనే ఉండాలి. వరుస తప్పితే పుట్టే వణుకు కొత్త క్రాసునూ తినేస్తుంది. బిగించాక కొమ్ములు నాలుగూ ఒకే తీరుగా ఆడుతున్నాయో లేదో చేత్తో చూసి, గ్రీజు ఎక్కించే నిపుల్ ఉన్న క్రాసయితే నాలుగు టోపీల అంచుల నుంచీ గ్రీజు పైకి కనిపించేదాకా గ్రీజు గన్ను ఆపకూడదు.