ఊరి పోస్టాఫీసులో పని, జీతం

చిరంజీవులందరికీ ఆశీస్సులు.

ఊళ్లో పోస్టాఫీసు నడిపేవాళ్లు రోజంతా ఏం చేస్తారు, ఎంత వస్తుంది అని అడిగారు కదా. చిన్న ఊళ్లలో ఉండేది బ్రాంచి పోస్టాఫీసు. దాని బాధ్యత బ్రాంచి పోస్టుమాస్టరుది, ఉత్తరాలు పంచేది అసిస్టెంటు బ్రాంచి పోస్టుమాస్టరు. ఇద్దరూ గ్రామీణ డాక్ సేవకులే, అంటే రోజుకు కొన్ని గంటల లెక్కన పని చేసే ఊరి తపాలా సిబ్బంది. కొన్ని ఊళ్లలో రెండు పనులూ ఒక్కరి మీదే పడతాయి.

పైనుండే సబ్ పోస్టాఫీసు నుంచి ఉత్తరాల సంచి రాగానే ముందు సీలు చూడాలి, ఆ తర్వాతే విప్పాలి. లోపలి చీటీతో స్పీడ్ పోస్టులూ పార్సిళ్లూ డబ్బూ సరిపోల్చుకోవాలి. తేదీ ముద్రలో అంకెలు రోజూ మార్చి, ముందు పుస్తకంలో ఒక ముద్ర వేసి చూసుకోవాలి. నిన్నటి అంకె అలాగే ఉండిపోతే, గడువున్న దరఖాస్తు ఏ రోజు పంపారో తేల్చడం కష్టమైపోతుంది.

అసలు కష్టం పొదుపు ఖాతాల దగ్గరే. ఒక అవ్వ ఆర్డీ, అంటే నెలనెలా కట్టే పొదుపు, కట్టడానికి ఐదు వందలు తెచ్చిందనుకోండి. ఆ డబ్బు మిషన్‌లో ఎక్కించి రసీదు ఇవ్వాలి. పాస్‌బుక్కులో మొత్తం, నిల్వ రాసి, సంతకం చేసి ముద్ర వేయాలి. సిగ్నల్ లేనప్పుడు "పుస్తకం ఉంచి వెళ్లవ్వా, రేపు రాస్తాను" అంటారు చూడండి, గొడవలు అక్కడే మొదలవుతాయి. మర్నాటికి ఆ డబ్బు ఎవరిదో గుర్తుండదు, లెక్క తేలదు. పాస్‌బుక్కు ఉంచుకుంటే దానికి ఎస్‌బీ-28 రసీదు ఇచ్చి తీరాలి. మీ ఇంట్లోవాళ్లు కూడా అది అడిగి తీసుకోవాలి, మొహమాటపడకూడదు. సాయంత్రం పెట్టెలో నగదు, ఆ రోజు లెక్క పైసాతో సహా కలవాలి. తగ్గితే పోస్టుమాస్టరే కట్టాలి. పరిమితికి మించిన నగదును సబ్ పోస్టాఫీసుకు పంపేయాలి.

ఇక జీతం. దీన్ని టీఆర్‌సీఏ (టైమ్ రిలేటెడ్ కంటిన్యుటీ అలవెన్స్) అంటారు, పని గంటలను బట్టి కడతారు. 2018 జూలై 1 నుంచి అమలైన రేట్ల ప్రకారం బ్రాంచి పోస్టుమాస్టరుకు నాలుగు గంటలకైతే నెలకు 12,000, ఐదు గంటలకైతే 14,500 రూపాయలతో మొదలవుతుంది. అసిస్టెంటుకు 10,000, 12,000. ఏటా మూడు శాతం పెరుగుతుంది, దాని మీద కరువు భత్యం. 2024 జనవరిలో ఆ భత్యం 50 శాతం ఉండేది కాబట్టి, అప్పట్లో 12,000 ఉన్నవాళ్లకు రెండూ కలిపి 18,000 లెక్క.

నాలుగు గంటలని కొలవడం నాకు న్యాయంగా తోచదు. పింఛను కోసం, ఉపాధి కూలి కోసం వచ్చేవాళ్లు గడియారం చూసుకుని రారు. పైగా కొత్త ఖాతాలు, గ్రామీణ తపాలా బీమా పాలసీలు ఇన్ని తేవాలని ఒత్తిడి ఉంటుంది. వీళ్లవి సివిల్ పోస్టులేనని, అంటే ప్రభుత్వం కింది ఉద్యోగాలేనని, 1977లో సుప్రీంకోర్టు చెప్పినా, రెగ్యులర్ ఉద్యోగులకు ఉండే స్కేలూ పింఛనూ వీళ్లకు లేవు. 65 ఏళ్ల వరకు పని చేయొచ్చు. శాఖాపరమైన పరీక్షలు రాసి పోస్ట్‌మ్యాన్ అయ్యే దారి ఉంది.

చేరాలనుకునేవాళ్లకు 18 నుంచి 40 ఏళ్ల లోపు వయసుండాలి. పదో తరగతిలో లెక్కలు, ఇంగ్లీషు పాసవ్వాలి, స్థానిక భాష చదివి ఉండాలి, సైకిలు తొక్కడం రావాలి. రాత పరీక్ష ఉండదు, పదో తరగతి మార్కులను బట్టే ఎంపిక. పోస్టుమాస్టరుగా చేరితే ఆఫీసుకు చోటు మీరే చూపించాలి, ఆ ఊళ్లోనే ఉండాలి. మార్కుల జాబితాలో, ఆధార్‌లో పేరు ఒకేలా ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి.

మీ తాతయ్య